ఏటెమ్ మినీ ప్రో: ఆఫ్ చేస్తే ట్రాన్సిషన్ సెట్టింగులు పోతున్నాయి, ఫంక్షన్ హాల్లో ల్యాప్‌టాప్‌కి స్విచర్ దొరకడం లేదు

ఏటెమ్ మినీ ప్రో, అంటే లైవ్‌లో ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మార్చే వీడియో స్విచర్ గురించి మీరు అడిగినవి రెండు. స్విచర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే పెట్టుకున్న ట్రాన్సిషన్ (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారే తీరు) సెట్టింగులు ఉండటం లేదు. ఇంట్లో చక్కగా కనెక్ట్ అయ్యే ల్యాప్‌టాప్ ఫంక్షన్ హాల్‌కి వెళ్ళేసరికి స్విచర్‌ని పట్టుకోవడం లేదు. నేనూ హైదరాబాద్‌లో ఇదే బాక్స్‌తో పెళ్ళిళ్ళ లైవ్‌లు చేస్తాను. ముహూర్తం టైమ్‌లో టెన్షన్ పెట్టేది రెండోది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ ఇంటి రౌటర్ 192.168.0తో మొదలయ్యే అడ్రసులు ఇస్తోందనుకోండి. హాల్లో ఉన్నది 192.168.1 అనో 10.0.0 అనో ఇస్తుంది. స్విచర్‌లో ఇంటి అడ్రస్‌నే స్టాటిక్‌గా, అంటే మారకుండా, పెట్టి ఉంచితే, హాల్లో ల్యాప్‌టాప్ ఒక వీధిలో, స్విచర్ ఇంకో వీధిలో ఉన్నట్టే. డీహెచ్‌సీపీకి (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతి) వదిలేస్తే అడ్రస్ వస్తుంది గానీ, హాల్ మారినప్పుడల్లా అదీ మారుతుంది. పైగా చాలా గెస్ట్ వైఫైల్లో ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనపడకుండా ఐసొలేషన్ ఆన్ చేసి ఉంటుంది. అలాంటి చోట మీ వైపు అన్నీ సరిగ్గా ఉన్నా స్విచర్ దొరకదు.

అందుకే స్విచర్‌ని నేరుగా హాల్ నెట్‌వర్క్‌కి తగిలించకండి. సొంత రౌటర్ ఒకటి బ్యాగులో ఉండాలి. ఖరీదైనది అక్కర్లేదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో దొరికే మామూలు రౌటర్ చాలు. దాని లాన్ అడ్రస్‌ని (మీ డివైస్‌ల వైపు రౌటర్ సొంత అడ్రస్) 192.168.77.1కి మార్చండి. హాల్ వాళ్ళదీ మీదీ ఒకే నంబర్ అయితే, వాన్ పోర్టుకి (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టేది) వాళ్ళ కేబుల్ పెట్టగానే గొడవ మొదలవుతుంది. 77 సాధారణంగా ఎవరూ వాడరు.

తర్వాత స్విచర్‌ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి, దానిలో ఏటెమ్ సెటప్ అనే ప్రోగ్రామ్ తెరవండి. స్టాటిక్ ఎంచుకుని, ఐపీ 192.168.77.20, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.77.1, డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ పూల్ (అది పంచే అడ్రసుల వరస) 100 నుంచి మొదలయ్యేలా చూసుకుంటే ఆ 20 ఇంకెవరికీ పోదు. గేట్‌వే (ఇంటర్నెట్‌కి వెళ్ళే దారి) గడి దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. అది తప్పుగా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో బటన్లన్నీ పనిచేస్తాయి, కెమెరాలు మారతాయి, కానీ ఆన్ ఎయిర్ నొక్కితే యూట్యూబ్‌కి ఏమీ వెళ్ళదు. చాలామంది స్ట్రీమ్ కీ (యూట్యూబ్ ఇచ్చే కోడ్) తప్పనుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ పేస్ట్ చేస్తూ కూర్చుంటారు.

ల్యాప్‌టాప్ లాన్ కేబుల్‌తో మీ రౌటర్‌కీ, వైఫైతో హాల్‌కీ రెండింటికీ కనెక్ట్ అయి ఉంటే వైఫై ఆపేయండి. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని ప్రైవేట్‌గా మార్చండి. పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ అడ్డుపడొచ్చు. ల్యాప్‌టాప్ నుంచి స్విచర్ కంట్రోల్ నడిచేది యూడీపీ 9910 పోర్టు మీద, ఫైర్‌వాల్ దాన్ని ఆపకూడదు.

ఇంకో సంగతి. ఈ స్విచర్ కంట్రోల్‌కి పాస్‌వర్డ్ ఉండదు. అదే నెట్‌వర్క్‌లో ఎవరు సాఫ్ట్‌వేర్ తెరిచినా మీ ప్రోగ్రామ్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. పక్కపక్కన రెండు హాళ్ళున్న చోట నాకు తెలిసిన ఆపరేటర్‌కి ఇదే జరిగింది. తాళి కట్టే ముందు కెమెరా దానంతటదే మారిపోయింది. చూస్తే పక్క హాల్ టీమ్ ల్యాప్‌టాప్ వీళ్ళ స్విచర్‌కి కనెక్ట్ అయి ఉంది. మీ రౌటర్ వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, పెళ్ళివారి పిల్లలు అడిగినా సరే.

ఇక ట్రాన్సిషన్లు. ఐపీ అడ్రస్ బాక్స్‌లోనే ఉండిపోతుంది. మిక్స్ (ఒక షాట్ ఇంకో షాట్‌లోకి కరిగిపోవడం) రేటు, కీలు (వీడియో మీద వేసే లోగో లాంటివి), ఆడియో లెవెల్స్ మాత్రం సేవ్ చేస్తేనే ఉంటాయి. అన్నీ సెట్ చేశాక ఏటెమ్ సాఫ్ట్‌వేర్ కంట్రోల్ ఫైల్ మెనూలో సేవ్ స్టార్టప్ స్టేట్ నొక్కండి, అంతే.

రేటు ఎంత పెట్టాలన్నది నా దృష్టిలో అంతకంటే ముఖ్యం. మామూలుగా ఒక సెకను ఉంటుంది, 25 ఫ్రేముల వీడియోలో 1:00 అంటే 25 ఫ్రేములు. పెళ్ళికి అది సాగదీసినట్టుంటుంది. నేను 0:12 వాడతాను, దాదాపు అర సెకను. ముహూర్తం దగ్గర అదీ వద్దు. జీలకర్ర బెల్లం పెట్టించి పంతులుగారు చెయ్యి ఊపుతారు, గట్టిమేళం అందుకుంటుంది, అడ్డుతెర ఒక పక్కకి జారుతుంది, అమ్మాయి కళ్ళెత్తుతుంది. ఆ చూపు క్షణం కూడా నిలవదు. అక్కడ సెకను మిక్స్ వేశారంటే ఆ చూపంతా రెండో కెమెరాలోని జనం తలల్లో కలిసిపోతుంది. డల్లాస్‌లో నిద్ర మానుకుని చూస్తున్న అక్కకి మళ్ళీ ఆ క్షణం రాదు. అక్కడ కట్ (షాట్ ఒక్కసారిగా మారిపోవడం) తప్ప ఇంకేదీ వాడకండి. కట్ బస్ మోడ్‌లో కెమెరా బటన్ నొక్కగానే అది ఆన్ ఎయిర్ వెళ్ళిపోతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో ప్రోగ్రామ్ ప్రివ్యూకి మార్చుకోండి. షాట్‌ని ముందు ప్రివ్యూలో చూసి, తెర జారే లోపే కట్ కొట్టొచ్చు.

ఆటో (ట్రాన్సిషన్ దానంతటదే నడిపే బటన్) నొక్కితే కెమెరా మారకుండా లోగో ఒక్కటే వచ్చి పోతోందా? నెక్స్ట్ ట్రాన్సిషన్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఆఫ్ అయి కీ ఒక్కటే ఆన్‌లో ఉందన్నమాట. డీవీఈ (బొమ్మని జరిపే, చిన్నది పెద్దది చేసే ఎఫెక్ట్) ట్రాన్సిషన్ ఎంచుకోనివ్వకపోతే పిక్చర్ ఇన్ పిక్చర్ తీసేయండి. ఈ బాక్స్‌లో డీవీఈ ఒక్కటే, రెండూ దాన్నే వాడతాయి. హార్ట్ ఆకారం వైప్‌లు కావాలని పార్టీ అడిగితే హైలైట్స్ ఎడిటింగ్‌లో పెడతానని చెప్పండి, లైవ్‌లో పెట్టకండి.

వీడియో స్టాండర్డ్‌ని ఆటోలో ఉంచకుండా 1080పి25కి ఫిక్స్ చేయండి. ఆటోలో ముందు ఏ కెమెరా తగిలిస్తే దాని ప్రకారం పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30లో ఉన్న కెమెరాతో మొదలైతే మండపం లైట్లు మినుకుమనొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా హాల్లో దొరక్కపోతే, ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టగా వచ్చిన అడ్రస్, ఏటెమ్ సెటప్‌లో కనిపించే అడ్రస్, రెండూ ఇక్కడ రాయండి, చూస్తాను.