ముగ్గురు నిలబడితే గెలుపు ఎవరిది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ చేశారు. 60 ఓట్లలో పాత కార్యదర్శికి 24, ఒక యువ ఇంజినీరుకు 20, టీచరుగారికి 16 వచ్చాయి. 36 మంది కాదన్న మనిషి గెలిచారు. ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉందమ్మా. మన రాష్ట్రపతిని అలాగే ఎన్నుకుంటున్నాం. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. సగానికి మించి ఎవరికీ రాకపోతే అట్టడుగునున్నవారిని తప్పించి, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. 1969లో అదే జరిగింది. తొలి లెక్కలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548 ఓట్ల విలువ వచ్చింది. సి.డి. దేశ్‌ముఖ్ మూడో స్థానంలో నిలిచారు. ఆయన ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డిగారికే చేరినా, గిరిగారు 4,20,077తో గట్టెక్కారు. రెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. పౌరశాస్త్రం చెప్పినన్నాళ్లూ నేను ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూపించాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు.

అయితే ఈ పద్ధతిలోనూ ఒక చిక్కుంది. కార్యదర్శి వర్గమూ ఇంజినీరు వర్గమూ టీచరుగారికే రెండో ప్రాధాన్యం ఇచ్చాయనుకోండి. ఆమెకు తొలి ఓట్లు తక్కువ కనుక ముందే తప్పుకుంటారు. ఆమె 16 ఓట్లలో 11 ఇంజినీరుకు, 5 కార్యదర్శికి వెళితే ఇంజినీరు 31-29తో గెలుస్తారు. అవే కాగితాలను ఇద్దరిద్దరి చొప్పున పోల్చి చూడండి: టీచరుగారు కార్యదర్శిపై 36-24, ఇంజినీరుపై 40-20! ఓట్లు మారలేదు, లెక్కించే తీరును బట్టి ముగ్గురూ గెలిచారు. అమెరికాలోని బర్లింగ్టన్ నగరంలో 2009 మేయర్ ఎన్నికలో ఇలాగే, ఇద్దరినీ విడివిడిగా ఓడించగల అభ్యర్థి మూడో స్థానంలో పడి తప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ ఊరివాళ్లు ఆ పద్ధతిని రద్దు చేసుకున్నారు.

ఒకరికే కాక నచ్చినవారందరికీ టిక్కు పెట్టే పద్ధతీ ఉంది. సులువైనదే, కానీ ఎవరు ఎక్కువ ఇష్టమో అందులో తెలియదు.

అరవై ఇళ్లకైతే నా ఓటు జతల లెక్కకే. ముగ్గురికి మూడు జతలు, అరగంట పని. అందరినీ గెలిచినవారే అధ్యక్షులు. ఒకరిపై ఒకరు గెలిచి చక్రంలా తిరిగితే మాత్రం, తొలి ఓట్లు తక్కువ వచ్చినవారిని తప్పించి మిగిలిన ఇద్దరిని పోల్చండి. ఈ నియమాన్ని నామినేషన్లకు ముందే సర్వసభ్య సమావేశంలో రాయించుకోండి.