మధ్యాహ్నమే గేమ్ ఎందుకు మొరాయిస్తుంది?

ప్ర: కోర్ ఐ5-10400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నయి. వాలొరంట్ గేమ్ మొదలువెట్టినప్పుడు 150 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క) వస్తది, అర్ధగంటకు 60కి పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతది. పొద్దుగాల ఈ తిప్పలు లేదు, మధ్యాహ్నమే. షాపుల అడిగితే కార్డు మార్చుమంటున్నరు. మార్చాల్నా?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జ: వద్దు. కార్డు శక్తి చాలకపోతే మొదటి నిమిషం నుంచే చాలదు. కాసేపు బాగా ఆడి, అదీ ఎండపూటే పడిపోతోందంటే లోపల వేడెక్కుతోందని అనుమానించాలి. మీ ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సెన్సార్ల పేజీ తెరిచి ఉంచి, అరగంట ఆడి, 'మాగ్జిమమ్' వరుస చూడండి. కోర్ వేడి 95 దాటి, 'థర్మల్ థ్రాట్లింగ్' పక్కన 'యెస్' (Yes) అని పడితే అసలు కారణం అదే. టాస్క్ మేనేజర్‌లో కూడా ప్రాసెసర్ వేగం 2.9 గిగాహెర్ట్జ్ కంటే కిందికి దిగొచ్చు.

సీపీయూ డబ్బాను కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో పెట్టారా? ముందు బయటికి తీయండి, వెనక గోడకు జానెడు ఎడం వదలండి. గదిలో వేడి ఎంత పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది. గదే 40 డిగ్రీలున్నప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా ఆ గాలినే విసురుతుంది.

తర్వాత దుమ్ము. రైసుమిల్లుల ఊళ్లో ఉంటూ దీన్ని తక్కువ అంచనా వేయొద్దు. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగానే ఉంటుంది. దాని కింద అల్యూమినియం రేకుల సందుల్లో దుమ్ము కంబళిలా పట్టేసి ఉంటుంది. ప్లగ్గు తీసేసి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టండి. పట్టుకోకపోతే ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది.

ఇంకా తగ్గకపోతే ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కు అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. అయిదు నిమిషాలు సీపీయూ ఆన్‌లో ఉంచి ఆపేస్తే పేస్టు మెత్తబడుతుంది. ప్లగ్గు తీసి, పిన్నులు విడిపించి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి లేపండి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి (మొబైల్ రిపేరు షాపుల్లో వాడేదే), ప్రాసెసర్ నడిమధ్య బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎక్కువ మంది చెడగొట్టేది ఆ తర్వాతే. ఇంటెల్ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఎదురెదురు మూలల్లోవి జంటగా 'టిక్' మనేదాకా నొక్కాలి. ఒక్కటి పట్టకపోయినా కూలర్ ఒక పక్కకు లేచి వేడి మొదటికొస్తుంది. బోర్డు వెనక నాలుగూ సమానంగా బయటికొచ్చాయో లేదో చూసి మూయండి.

అన్నట్టు, మీ మానిటర్ 75 హెర్ట్జ్‌దైతే (సెకనుకు 75 బొమ్మలే చూపించేదైతే) 150 ఎఫ్‌పీఎస్ మొత్తం తెర మీదికి రాదు. చేతికి కాస్త చురుకుదనం తెలుస్తుందేమో గానీ, వేసవిలో గేమ్ సెట్టింగుల్లో పరిమితిని 100 దగ్గర పెడితే ప్రాసెసరూ కార్డూ చల్లబడతాయి. డబ్బు పెట్టాలనే ఉంటే ఇంకో 8 జీబీ ర్యామ్‌కు పెట్టండి, కార్డుకు కాదు.

ప్ర: రైజెన్ 5 5600జీ తీసుకున్న, గ్రాఫిక్స్ కార్డు లేదు. 8 జీబీ ర్యామ్ ఒక్కటే. గేమ్‌లు అందరు చెప్పినంత మంచిగ నడుస్తలేవు.
– పాఠకుడు, గద్వాల

జ: మీ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒక్క స్టిక్కంటే ఒక్కటే దారి. అలాంటిదే 3200 వేగంతో నడిచే ఇంకో 8 జీబీ స్టిక్కు వేస్తే దారి రెండింతలవుతుంది. మీ విషయంలో ఇంతకంటే లాభసాటి ఖర్చు లేదు. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండూ నాలుగులో గుచ్చండి. పక్కపక్కనే గుచ్చితే రెండు స్టిక్కులున్నా ఒంటిదారే మిగలొచ్చు. తర్వాత బయోస్‌లోకి (బోర్డు మూల సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ (కొన్ని బోర్డుల్లో డీఓసీపీ) ఆన్ చేయండి. లేదంటే 3200 ర్యామ్ కూడా 2400 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే వేగం తెలుస్తుంది.

ప్ర: ఎఫ్‌పీఎస్ 120 ఉంటది గని రాత్రి తొమ్మిదైతే పింగ్ 40 నుంచి 200కు ఎగురుతది. ర్యామ్ పెంచాల్నా?
– ఇంటర్ విద్యార్థి, వనపర్తి

జ: పింగంటే మీ సంకేతం గేమ్ సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. ర్యామ్‌కూ దానికీ సంబంధం లేదు, ఆ డబ్బు దండగ. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కమాండుతో ముందు మీ రూటర్‌కే కొట్టి చూడండి (చాలావాటి అడ్రసు 192.168.1.1). అక్కడే అంకెలు ఎగిరితే తప్పు వైఫైది. రూటర్ నుంచి క్యాట్ 6 కేబుల్ లాగండి, వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. రూటర్‌కు ఒకటి రెండు మిల్లీసెకన్లే వస్తూ గేమ్‌లో ఎగిరితే, ఆ టైముకు ఇంట్లో ఫోన్లన్నీ ఫొటోలు బ్యాకప్ చేస్తూ అప్‌లోడ్‌ను మింగుతున్నాయేమో చూడండి. వాటిని ఆపినా తగ్గకపోతే లైను మీ ఆపరేటర్ దగ్గరే కిక్కిరిసింది, ఫిర్యాదు చేయాల్సిందే. వాలొరంట్ అయితే మ్యాచ్‌కు ముందు సర్వర్లలో ముంబై ఒక్కటే ఎంచుకోండి.

ప్ర: కొత్త కార్డు ఏసినంక గేమ్ నడుమ సీపీయూ దానంతటదే రీస్టార్ట్ అయితున్నది. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటది.
– పాఠకురాలు, నల్లగొండ

జ: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్‌ది (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె). డబ్బాతో పాటు ఉచితంగా వచ్చినదైతే పైన 450 వాట్లని రాసి ఉన్నా నమ్మొద్దు. స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లంటే 192 వాట్లే. కార్డు తయారీదారు చెప్పినంత సామర్థ్యమున్న, 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న ఎస్‌ఎంపీఎస్ వేయించండి. రెండోది ఎర్తింగ్ లేకపోవడం. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిపించండి, 230 దగ్గర చూపించాలి. ప్లగ్గు పీకకుండా ఎప్పుడూ డబ్బా విప్పొద్దు.