కోయిర్‌లో బేస్ పాడే కుర్రాడు కంపోజర్ కాగలడా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. కాలేజీ కోయిర్‌లో (బృందగాన జట్టులో) బేస్, అంటే అన్నిటికంటే కింది స్థాయి మగగొంతు, పాడతాను. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. అమెరికన్ కంపోజర్ ఎరిక్ విటేకర్ కోరల్ రచనలు, అంటే కోయిర్ల కోసం రాసిన సంగీతం, విన్నప్పటి నుంచి నాకూ రాయాలని ఉంది. ఇంట్లోవాళ్లు ఆలస్యమైపోయిందని, ఇందులో బతకడం కష్టమని అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆలస్యం సంగతి ముందు తేల్చేద్దాం. విటేకర్ 18 ఏళ్లప్పుడు లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీలో చేరేనాటికి ఆయనకు నొటేషన్ చదవడం రాదు. పాప్ స్టార్ కావాలన్నది అప్పటి కల. స్నేహితుడి పోరు పడలేక కోయిర్‌లో చేరి, మీలాగే బేస్ వరసలో నిలబడ్డారు. మొదటిరోజు పాడింది మొజార్ట్ రెక్వియం (చనిపోయినవారి కోసం చేసే క్రైస్తవ ప్రార్థనా సంగీతం) లోని ‘కిరియే’ అనే భాగం. దాంతో దారే మారిపోయింది. 21 ఏళ్ల వయసులో తొలి కోరల్ రచన ‘గో, లవ్లీ రోజ్’ రాశారు. డిగ్రీ 1995లో గానీ చేతికి రాలేదు. ఆ తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత కళాశాలలో కంపోజర్ జాన్ కొరిగ్లియానో దగ్గర చదివి 1997లో మాస్టర్స్ పూర్తిచేశారు.

కోయిర్‌లో చేరడానికీ తొలి రచనకూ మధ్య వరసలో నిలబడి పాడిన ఆ మూడేళ్లు గమనించండి. ఆయన సంగీతానికి ఓ గుర్తు ఉంది: స, రి లాంటి పక్కపక్క స్వరాలు ఒకేసారి పలుకుతూ నిలిచిపోతాయి. చెవికి వెలుగులా ఉంటుంది కానీ పాడేవాళ్లకు గట్టి పరీక్ష. పక్కనున్న గొంతు మనల్ని తనవైపు లాగేస్తుంటుంది. అది ఎంత కష్టమో, ఎక్కడ సాధ్యమో వరసలో నిలబడి పాడినవాళ్లకే తెలుస్తుంది. అందుకే నా మొదటి సలహా: కోయిర్ మాత్రం వదలకండి.

ఈ నెలలోనే నాలుగు గొంతులకు (సొప్రానో, ఆల్టో అనే ఆడగొంతులు, టెనర్, బేస్ అనే మగగొంతులు) పదహారు బార్లు, అంటే మన తాళం ఆవర్తాల్లాంటి భాగాలు, రాయండి. నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగానే దొరుకుతుంది. అయితే సాఫ్ట్‌వేర్‌కు ఊపిరి అక్కర్లేదు, ఏం రాసినా పాడేస్తుంది. కాబట్టి నలుగురు స్నేహితులను బతిమాలి పాడించండి. ఆల్టోకి ఊపిరి ఎక్కడ అందలేదో, టెనర్ ఏ స్వరం దగ్గర తడబడ్డాడో పెన్సిల్‌తో స్కోరు (నొటేషన్ రాసిన కాగితం) మీదే గుర్తుపెట్టి, తిరగరాసి, మళ్లీ పాడించి రికార్డు చేయండి. కంపోజిషన్ కోర్సులకు దరఖాస్తు చేసేటప్పుడు చూపించాల్సింది ఇలాంటి స్కోర్లు, రికార్డింగులే.

సాహిత్యం ఎంచుకునేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. విటేకర్, అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ఒకదానికి బాణీ కట్టారు. తీరా చూస్తే హక్కుదారులు అనుమతి ఇవ్వలేదు. 1923లో అచ్చయిన ఆ కవితకు అమెరికాలో కాపీరైట్ 2019 వరకు తీరలేదు మరి. చివరికి కవి మిత్రుడు చార్లెస్ ఆంథనీ సిల్వెస్ట్రి, అప్పటికే కట్టిన బాణీకి సరిపడేలా కొత్త కవిత రాసిచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతా పాడుతున్న ‘స్లీప్’ అదే. అలాంటి మిత్రుడు అందరికీ దొరకడు. కాపీరైట్ తీరిన కవితలతో మొదలుపెట్టండి, లేదా బాణీ కట్టకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇక డబ్బు. ఇంట్లోవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, అది తప్పు కాదు. కోయిర్లు కొత్త రచన కోరి ఇచ్చే కమిషన్ ఫీజు ఒక ఆదాయం. అచ్చయిన స్కోర్లు ఇంకొకటి: నలభై మంది పాడితే నలభై కాపీలు కొనాలి. ప్రదర్శనల రాయల్టీ మరొకటి. మొదట్లో ఈ మూడూ కలిసినా ఇల్లు గడవకపోవచ్చు. విటేకర్ కూడా రాయడంతో పాటు కోయిర్లను కండక్ట్ చేస్తారు (ముందు నిలబడి నడిపిస్తారు), ప్రసంగాలు ఇస్తారు. 2010లో 12 దేశాల నుంచి 185 మంది ఎవరింట్లో వాళ్లు పాడిన వీడియోలను కలిపి చేసిన ‘వర్చువల్ కోయిర్’ ఆయన్ను కోయిర్ల ప్రపంచం బయట కూడా తెలిసేలా చేసింది. మరో అమెరికన్ కోరల్ కంపోజర్ మోర్టెన్ లారిడ్‌సన్ యాభై ఏళ్లకు పైగా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఎస్టోనియా కంపోజర్ ఆర్వో పార్ట్ అక్కడి రేడియోలో సౌండ్ ఇంజినీర్‌గా పనిచేశారు.

కాబట్టి ఇప్పుడు చదువుతున్న డిగ్రీ ఆపకండి. దాంతోపాటు కండక్టింగ్ గానీ, సంగీతం నేర్పడం గానీ, సౌండ్ రికార్డింగ్ గానీ ఒకటి పట్టుకోండి. మీ కోయిర్ డైరెక్టర్‌ను ఒక సెక్షన్ (ఒకే రకం గొంతువాళ్ల జట్టు) రిహార్సల్ మీకు అప్పగించమని అడగండి. బేస్‌లను అయితే ఎవరైనా ఇస్తారు, మీరు ఆల్టోలను అడగండి. మీకు తెలియని గొంతు అదే కదా.