పొటెన్షియల్ ‘భేదం’ సాధువేనా?

సందేహం: భౌతికశాస్త్ర పాఠాల్లో రెండు బిందువుల పొటెన్షియల్ (వోల్టుల్లో కొలిచే విద్యుత్ స్థాయి) మధ్య తేడాను ‘పొటెన్షియల్ భేదం’ అంటున్నారు. భేదమంటే చీలిక, తగవు కదా. ‘తేడా’ అనో ‘అంతరం’ అనో అనరాదా? ‘క’ అనే బిందువు వద్ద 5 వోల్టులు, ‘గ’ వద్ద −3 వోల్టులు ఉంటే భేదం 2 అనాలా, 8 అనాలా?

సమాధానం: భేదంలో చీలిక ఉన్న మాట నిజమే. ‘భిదిర్ విదారణే’ (భిద్ అంటే చీల్చడం) అని సంస్కృత ధాతువుల పట్టికైన ధాతుపాఠం. పగలనిది అభేద్యం, ముక్కలైనది భిన్నం. లెక్కల్లో మనం నేర్చిన భిన్నమూ ఈ ధాతువు బిడ్డే. మొక్కకు ఉద్భిజ్జమని పేరు పెట్టిన పూర్వుల చూపు ఎంత సూక్ష్మమో గమనించండి: అది గింజలోంచి పుట్టిందన్న సంగతి కన్నా, పైనున్న మట్టిపెళ్లను రెండుగా పగల్చుకొని తల ఎత్తిందన్న సంగతే వారికి ముఖ్యమై, దానికి పేరైంది. పంచతంత్రంలోని మిత్రభేదమూ ఒక్కరితో జరిగే కథ కాదు. భేదమన్నాక రెండు ఉండి తీరాలి. పొటెన్షియల్ విషయంలో కావలసింది సరిగ్గా అదే గనుక నాకు ఆ మాటే ఇష్టం.

‘అంతరం’ సాధువే గాని, దానికి దూరమన్న అర్థమూ ఉంది. బిందువుల మధ్య దూరం కూడా వచ్చే లెక్కలో అది చిక్కు తెస్తుంది. ‘తేడా’ వాడుక మాట, తప్పనను.

ఇక మీ లెక్క. సున్నాకు పైన 5, కింద 3. 5లోంచి −3 తీసివేస్తే 8. ‘గ’ నుంచి ‘క’కు 2 కూలుంబుల విద్యుదావేశాన్ని నెమ్మదిగా చేర్చడానికి 16 జౌల్‌ల పని పడుతుంది; పనిని ఆవేశంతో భాగించినా వచ్చేది 8 వోల్టులే.

బాధ కలిగించేది వేరే ఉంది. ఏ రెండు బిందువుల మధ్యనో చెప్పకుండా ‘ఈ తీగలో 8 వోల్టుల భేదం ఉంది’ అని రాస్తున్నారు. అంతకు మించి, ‘వోల్టేజి ప్రవహించింది’ అంటున్నారు. ప్రవహించేది ఆవేశం, భేదం ఉంటుందే గాని పారదు. ఒక్క బిందువు వద్ద 5 వోల్టులనడం మాత్రం దోషం కాదు, ఎందుకంటే సున్నాగా ఎంచుకున్న మరో చోటు, తరచుగా భూమి, అక్కడ అధ్యాహారంగా, అంటే పైకి చెప్పకున్నా అర్థమయ్యేలా, ఉంది.

అడిగినవారు ‘క, గ ల మధ్య’ అంటే 8 అని ఊరుకోవచ్చుననుకుంటాను. ‘క నుంచి గ కు ఎంత మారింది’ అని అడిగితే మాత్రం −8 అనే చెప్పాలి.