ఉత్ప్రేరకంలో కృషి చేయవచ్చా?

సందేహం: గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక విశ్రాంత అధ్యాపకులు ఇలా అడిగారు. "మా కాలేజీలో చదివి కెమిస్ట్‌గా పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థికి సన్మానం చేస్తున్నాం. సన్మానపత్రంలో 'ఉత్ప్రేరకంలో కృషి చేసి, దాన్ని వదిలి సేంద్రియ కాంతి ఉద్గారక పదార్థాల వైపు వచ్చారు' అని రాశాను. ఉత్ప్రేరకం అంటే ఆటగాళ్ళు వాడే డ్రగ్ కదా అని ఒకరు, సేంద్రియం అంటే పేడ ఎరువు కదా అని మరొకరు అన్నారు. ఏం చేయమంటారు?"

సమాధానం: మీ మిత్రులు చెప్పినదాన్ని కొట్టిపారేయకండి మాష్టారూ. రేపు సభలో ఆ పత్రం వినేది అలాంటివాళ్ళే.

'ఈర్' ధాతువుకు కదిలించడం అని అర్థం. 'ప్ర' చేరితే ప్రేరకం, అంటే పురికొల్పేది. అయితే ప్రేరణ అనే మాట ఫిజిక్స్‌లో ఇండక్షన్‌కు స్థిరపడింది. దానితో కలిసిపోకుండా 'ఉత్' కాపాడుతోంది. ఉత్ప్రేరకం అంటే క్యాటలిస్ట్. రసాయన చర్య వేగం పెంచి, తాను ఖర్చైపోకుండా మిగిలే పదార్థం. నూనెలోకి హైడ్రోజన్ పంపి డాల్డా చేసేటప్పుడు వాడే నికెల్ అలాంటిదే. ఆ పదార్థం చేసే పని ఉత్ప్రేరణ, అంటే క్యాటలిసిస్. బోధకుడు, బోధన లాంటి జంట ఇది. బోధకుడిలో కృషి చేశారని అనం కదా! 'ఉత్ప్రేరణలో' అనండి, లేదా 'ఉత్ప్రేరకాల మీద' అనండి. స్పోర్ట్స్ పేజీల్లో 'నిషేధిత ఉత్ప్రేరకాలు' అని రాసేది మాత్రం ఉత్తేజం కలిగించే మందుల గురించి. ఆ అర్థం స్ఫురించకుండా 'రసాయన' అనే మాట ముందు పెడితే చాలు.

స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో క్యాటలిసిస్ అనే పేరు పెట్టినప్పుడు తీసుకున్న గ్రీకు మాటకు విప్పడం, సడలించడం అని అర్థం. మన మాట దాని వెంట పోకుండా, జరిగే పనినే చూసి పురికొల్పడం అంది. నాకు మన మాటే నచ్చుతుంది. పాలలో వేసే 'తోడు'నే క్యాటలిస్ట్‌కు వాడాలని కొందరు ముచ్చటపడతారు. కానీ తోడులో ఉన్నవి బ్యాక్టీరియా, అవి పాలలో పెరుగుతాయి. పోలిక కుదరదు.

ఇక సేంద్రియం. స + ఇంద్రియ, ఇంద్రియాలు అంటే అవయవాలు గలది. ఆర్గాన్ నుంచి వచ్చిన ఆర్గానిక్‌కు అచ్చంగా సరిపోయిన మాట. ఈ పదార్థాలు ప్రాణుల్లోనే పుడతాయని నమ్మిన కాలం గుర్తు అందులో ఉంది. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్, మూత్రంలో ఉండే యూరియాను ప్రయోగశాలలో తయారుచేయడంతో ఆ నమ్మకం సడలింది. మన ఊళ్ళలో ఈ మాట ఎరువులకూ వ్యవసాయానికీ అతుక్కుపోయింది. తెలుగు మీడియం పుస్తకాల్లో 'కర్బన రసాయన శాస్త్రం' ఉంది కాబట్టి మీరు 'కర్బన' వాడండి.

కానీ ఇక్కడే అసలు చిక్కు. 'కర్బన' పక్కన 'ఉద్గార' వచ్చిందంటే పత్రికలు చదివేవారికి కర్బన ఉద్గారాలు, అంటే పొగగొట్టాలు గుర్తొస్తాయి. జీవితమంతా వెలుగు మీద పనిచేసిన మనిషికి పొగ అంటగట్టినట్టవుతుంది! పైగా ఉద్గారం అంటే మొదటి అర్థం త్రేన్పు. సైన్సు పాఠంలో ఉండనివ్వండి, సన్మానపత్రంలో వద్దు. సంధి చేసి 'కాంత్యుద్గారక' అనడం వ్యాకరణానికి ఒప్పేగానీ, చదివేవారి నోరు తిరగదు. 'కరెంటు పారితే వెలిగే కర్బన పదార్థాలు' అనండి. 1987లో కొడాక్ సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ అలాంటి పలుచని పొరలతోనే దీపం వెలిగించి చూపారు. ఇవాళ విజయవాడ బీసెంట్ రోడ్డులో టీవీ కొనేవాళ్ళకూ ఓఎల్ఈడీ (ఆర్గానిక్ లైట్ ఎమిటింగ్ డయోడ్) తెలుసు, ఆ మాట కూడా పక్కన చేర్చండి.

ఇంకొకటి. 'దాన్ని వదిలి' అన్నారు, అది తీసేయండి. వెలిగే అణువుల్లో కర్బన వలయాలను ఒకదానికొకటి అతికించడానికి ఎక్కువగా వాడేది పల్లాడియం అనే లోహపు ఉత్ప్రేరకాలనే. ఆ అతికే పద్ధతులకే 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ వచ్చింది. కనుక ఇలా రాయండి: "రసాయన ఉత్ప్రేరణలో కృషి చేసి, ఆ అనుభవంతో కరెంటు పారితే వెలిగే కర్బన పదార్థాల మీద, అంటే ఓఎల్ఈడీల మీద పరిశోధన సాగించారు."

అచ్చుకిచ్చే ముందు ప్రూఫు మీరే చూడండి. 'ఉత్ప్రే'లో రావత్తు జారిపోయి 'ఉత్పేరకం' అని పడడం తరచూ చూస్తున్నాను.