ప్రైవసీ బాధ్యత చేపడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య దీవించి వ్రాయునది.

కంపెనీ ప్రైవసీ విభాగానికి నిన్ను అధిపతిగా తీసుకుంటున్నారని మీ అమ్మ చెప్పగానే గర్వంతో పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ అధికరణాలు నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రైవసీ విభాగాధిపతి హోదా వేరు, తన విధి నిర్వర్తించినందుకు ఉద్యోగం పోకుండా అందులోని 38వ అధికరణం రక్షణ కల్పించే డేటా రక్షణ అధికారి హోదా వేరు. నీది ఏదో సంతకానికి ముందే తేల్చుకో.

నేను చేసిన తప్పు మాత్రం వివరంగా వినాలి. ఖాతా మూసుకున్నవారి వివరాలను గడువు తీరగానే తొలగిస్తామని మా విధానపత్రంలో నేనే రాశాను, ఏటా నేనే సంతకం చేశాను. తొలగిస్తున్నారా అని అడిగితే ఇంజనీర్లు అవునన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు, అసలు డేటాబేస్‌లోంచి తొలగిస్తూనే ఉన్నారు. అయితే కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి ఎప్పుడో తీసిన పూర్తి నకలు ఒకటి టెస్ట్ సర్వర్‌లో అలాగే ఉండిపోయింది. బయటివాళ్ల చేతిలో పడింది అదే. సంగతి తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు తెలియజేశాను, తెలిసినంతవరకు ముందు చెప్పి మిగతాది విడతలుగా అందించాను, నష్టపోగలవారందరికీ లేఖలు పంపాను. ఆ లేఖ అందుకున్న ఒకావిడ ఫోన్ చేసి, "ఆరేళ్ల కిందటే ఖాతా మూసేశాను కదండీ, నా వివరాలు ఇంకా మీ దగ్గర ఎందుకున్నాయి?" అని అడిగారు. గొంతులో కోపం కూడా లేదు. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. టెస్ట్ సర్వర్ ఉన్న గది నా గదికి రెండంతస్తుల కిందే ఉండేది. ఒక్కసారి కూడా దిగి వెళ్లి అడగలేదు.

నీకూ నాలాగే కాగితం మీద నమ్మకం ఎక్కువ. చదువుకునే రోజుల్లో తీర్పు సారాంశం మాత్రమే చూసి నాతో వాదనకు దిగేదానివి, ఎన్నిసార్లు కోప్పడ్డానో! మర్నాటికల్లా తీర్పంతా చదివి మళ్లీ వచ్చేదానివి. ఆ పట్టుదల తలుచుకునే ఇప్పుడు ధైర్యం తెచ్చుకుంటున్నాను.

మొదటి నెలలోనే ఒక్క ఖాతాదారుని వివరాలు ఎంచుకుని, అవి ఫారంలోంచి బయలుదేరి బ్యాకప్‌లు, లాగ్‌లు, టెస్ట్ నకళ్లు, బయటి కాంట్రాక్టర్ల దాకా ఎక్కడెక్కడ చేరాయో ఇంజనీరు పక్కన కూర్చుని తెర మీద నీ కళ్లతో చూడు. తెలియని పదం వస్తే అడగడానికి మొహమాటపడకు తల్లీ. ఆ జాబితా పూర్తయిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మామయ్య