పదకొండు లక్ష్యాలు రాశావు, నీ గురించి ఒక్కటీ లేదు

తల్లీ,

టీమ్ లీడ్ అయ్యాక ఈ ఏడాదికి రాసుకున్నానంటూ నువ్వు పంపిన పదకొండు లక్ష్యాలూ రెండుసార్లు చదివాను. గడువులోపు పని పూర్తవడం, తప్పులు సగానికి తగ్గడం, క్లయింట్లకు వారంలోపు జవాబివ్వడం, అన్నీ ఉన్నాయి. నువ్వే లేవు. అవన్నీ టీమ్ చేయాల్సిన పనులు, వాళ్లు చేయగలగాలంటే నువ్వు ఏ అలవాటు మార్చుకోవాలో ఒక్క వరుసలో కూడా లేదు. నాకు దిగులేసింది అందుకే, ఎందుకంటే నేనూ సరిగ్గా అలాగే మొదలుపెట్టాను.

మొదటిసారి నాకు ఏడుగురి బాధ్యత ఇచ్చిన ఏడాది టార్గెట్ అందుకున్నాం. ఎలాగంటే, వాళ్లు సాయంత్రం ఇచ్చి వెళ్లిన పనంతా నేను రాత్రి కూర్చుని మళ్లీ చేసేవాణ్ణి, నాణ్యత కోసమే కదా అనుకునేవాణ్ణి. ఏడాది చివర్లో అందరికంటే చురుకైన కుర్రాడు రాజీనామా చేతికిస్తూ, "ఇక్కడ నేను చేసిందేదీ నాదిగా మిగల్లేదు సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది.

కాబట్టి ముందు నీ గురించి ఒక్క లక్ష్యం రాసుకో. 'మంచి లీడర్ అవుతాను' లాంటిది మాత్రం వద్దు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే సైకాలజిస్టులు ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేసి, 'చేతనైనంత చెయ్యి' అన్నప్పటికంటే స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు బాగా చేస్తారని చూపించారు. ఇక్కడి వరకు అందరూ చెబుతారు. చాలామంది వదిలేసే ముక్క ఇంకొకటుంది: పని కొత్తదై, ఎలా చేయాలో ఇంకా తెలియనప్పుడు, ఫలితానికి అంకె పెట్టుకోవడం కంటే నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. నీ పని నీకు కొట్టినపిండే, మనుషుల్ని నడిపించడం మాత్రం కొత్త.

అన్నట్టు, నీ పదకొండూ స్మార్ట్ పద్ధతికి, అంటే లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, ఎవరు చేయాలో తెలిసేలా, సాధ్యమయ్యేలా, గడువుతో ఉండాలనే పద్ధతికి, సరిపోయేలా కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది. 1981లో ఆ పద్ధతి రాసిన జార్జ్ డోరన్ కూడా ప్రతి లక్ష్యంలోనూ ఆ ఐదు లక్షణాలూ ఉండి తీరాలనలేదు, ఆ టెన్షన్ వదిలెయ్.

లక్ష్యాన్ని 'ఇది జరిగితే ఇలా చేస్తాను' అనే వాక్యంగా రాసుకో. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు పరిశోధించిన పద్ధతి ఇది, మామూలుగా అనుకుని ఊరుకోవడం కంటే ఇలా రాసుకున్నది ఆచరణలోకి ఎక్కువగా వస్తుంది, సమయం రాగానే ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి. ఆ కుర్రాడు వెళ్లాక నేను రాసుకున్నది ఇదీ: ఎవరైనా సమస్యతో నా దగ్గరికొస్తే, జవాబు చెప్పే ముందు "నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడుగుతాను. అంతే. చాలా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొదటి నెల సగం సార్లు మర్చిపోయాను, జవాబు నోటిదాకా వచ్చేసేది. రోజూ సాయంత్రం నోట్‌బుక్‌లో ఎన్నిసార్లు అడిగాను, ఎన్నిసార్లు మర్చిపోయాను అని గీతలు గీసుకుంటే మూడో నెలకి అలవాటు కుదిరింది.

ఇక నువ్వు మారావో లేదో నీకంటే ముందు నీ టీమ్‌కే తెలుస్తుంది. కాకపోతే "నేనెలా చేస్తున్నాను?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, పైన ఉన్నవాళ్లతో ఇంకేమంటారు చెప్పు. "ఈ నెలలో నేను నీ పనికి అడ్డుపడ్డ సందర్భం ఒక్కటి చెప్పు" అని అడుగు. చెప్పాక సంజాయిషీ ఇవ్వకు, ఎంత న్యాయమైన కారణం ఉన్నా సరే, రాసుకుని థ్యాంక్స్ చెప్పు. ఒక్కసారి వాదించావంటే రెండోసారి నోరు విప్పరు.

ఆ పదకొండులో ఏ మూడు ఉంచాలో టీమ్‌నే కూర్చోబెట్టి అడుగు, మిగతావి మూడు నెలల తర్వాత చూసుకోవచ్చు. నీ ఒక్క వాక్యం మాత్రం ఆదివారంలోపు నాకు పంపు. చదువుతాను, దిద్దను.

మీ బాబాయి